చప్పుడు చెయ్యని బుల్లెట్

ఆ రోజు తెల్లవారుజామున యేసుదానం వేసుకున్న పథకం చాలా చిన్నది. పెట్రోలు ఖర్చు లేకుండా ఆఫీసుకి వెళ్ళడం. దారంతా కాదు, కొంత దారి మాత్రమే.

ఆయన ఇల్లు భీమునిపట్నంలో. ఉద్యోగం ముప్పై కిలోమీటర్ల అవతల, విశాఖపట్నం పోర్టులో. టాలీ క్లర్కు. ఓడలోంచి దిగిన ప్రతి బస్తానూ లెక్కపెట్టి రాసుకోవడం ఆయన పని. పదిహేనేళ్ళ పాటు మొదటి బస్సులో, చేపల తట్టల మధ్య ఒంటికాలి మీద నిలబడి వెళ్ళాడు. రెండేళ్ళ కిందట, రిటైరై ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఓడల్ని రేవులోకి నడిపే ఒక హార్బరు పైలట్ తన బుల్లెట్‌ని చవగ్గా ఇచ్చేస్తానంటే వెనకా ముందూ చూడకుండా కొనేశాడు. యేసుదానం ఐదడుగుల రెండంగుళాల మనిషి. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనేవి. అయినా ఆ బండి డుగుడుగుమంటూ పోర్టు గేటు దగ్గరికి వస్తుంటే, అన్నాళ్ళూ గుర్తింపు కార్డు చూపిస్తే గానీ లోపలికి వదలని సెంట్రీ, స్టూలు మీంచి లేచి నిలబడేవాడు. ఆ లేచి నిలబడడానికి ధర కట్టడం యేసుదానానికి చేతకాలేదు.

ధర కట్టినవాడు ఆయన బావమరిది సుందర్ రాజ్. అతనిదీ పోర్టులోనే ఉద్యోగం, కాకపోతే పగటి షిఫ్టు. 1986 జనవరిలో అతను జపాను వాళ్ళ ఇంజనుతో కొత్తగా వచ్చిన హండ్రెడ్ సీసీ బండి కొన్నాడు. లీటరు పెట్రోలుకి అరవై కిలోమీటర్లు పోతుంది. అంటే రానూ పోనూ రోజుకి ఒక్క లీటరు. బుల్లెట్‌కి రెండు కావాలి. ఈ సంగతి అతను అక్క ఇంటి వరండాలో కూర్చుని, కాఫీ తాగుతూ, వారానికి మూడుసార్లు చెప్పేవాడు.

"బావా, మన వీధిలో ఇంత తాగేవోడు మరొకడు లేడు. నీ బండి సంగతే సెప్తన్నాను," అన్నాడొకరోజు.

యేసుదానానికి ఉక్రోషం వచ్చింది. తెలివిగా నడిపితే బుల్లెట్‌కి కూడా రోజుకి లీటరున్నర చాలునని అనేశాడు. పక్కనే పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న ఆయన భార్య జయశీల, మిషన్ స్కూలు టీచరు, ఆ మాట పట్టుకుంది. ఫిబ్రవరి నెలలో ఇరవై నాలుగు పనిరోజులు. ముప్పై ఆరు లీటర్లు దాటకపోతే బండి ఇంట్లో ఉంటుంది. దాటిందా, అమ్మేసి చిన్న బండి కొనాలి. బంకు చీటీలు తెచ్చి తన చేతికివ్వాలి. తీర్పు చెప్పే గొంతుతో ఆవిడ ఏదైనా చెబితే, దాని మీద ఆ ఇంట్లో అప్పీలు ఉండదు.

భీమిలి దాటి బీచ్ రోడ్డులో కొంత దూరం వెళ్ళాక, ఎర్రమట్టి దిబ్బల పక్కన రోడ్డు పైకెక్కి, ఒక్కసారిగా సముద్రం వైపు వాలుతుంది. పొడుగాటి దిగుడు. ఒక పక్క తాటిచెట్ల వరస, మరో పక్క సముద్రం. ఇల్లూ లేదు, దీపమూ లేదు. యేసుదానం మొదటి షిఫ్టుకి వెళ్తూ, తెల్లవారుజామున ఐదు కాకుండానే అక్కడికి చేరేవాడు. ఆ రోజు దిగుడు మొదట్లో ఇంజను ఆపేసి, ఇంజను లేకుండా హెడ్‌లైటు వెలిగితే బ్యాటరీ పోతుందని దాన్నీ ఆర్పేసి, బండిని దాని బరువుకి వదిలేశాడు. ఆ బరువునే కదా అందరూ ఆడిపోసుకునేది. చిన్న బండి అయితే సగంలో ఆగిపోయేది. బుల్లెట్ ఆగలేదు.

అంతవరకూ చెవులు గింగురుమనిపించిన చప్పుడు తెగిపోయాక వచ్చిన నిశ్శబ్దానికి మొదటిరోజు ఆయనకే ఒళ్ళు జలదరించింది. మంచు చిక్కగా కమ్ముకుని ఉంది. టైర్ల కింద ఇసుక సన్నగా రాసుకుంటున్న శబ్దం తప్ప మరేమీ లేదు. ఎవరో మోసుకుపోతున్నట్టుగా బండి తనంతట తాను జారిపోతోంది. ఎంతదూరం వచ్చిందో తెలుసుకోవడానికి ఆయన అలవాటు కొద్దీ పక్కన పోతున్న తాటిచెట్లను పైకే లెక్కపెట్టాడు. ముప్పై ఎనిమిదో చెట్టు దగ్గర బండి వేగం చచ్చింది.

రెండోరోజు నుంచి అది ఆయనకి వ్యసనమైపోయింది. చైనుకి నూనె పెట్టాడు. టైర్లలో గాలి పెంచాడు. గాలి అడ్డుకోకుండా తల వంచి, గడ్డం ట్యాంకుకి ఆనించి పడుకున్నాడు. మంచుకి బట్టలు తడవకుండా పాలరంగు ప్లాస్టిక్ రెయిన్‌కోటు, తలకి నల్లటి మంకీ క్యాపు, మూతికి మఫ్లరు. వారం తిరిగేసరికి నలభై చెట్లు దాటాడు. అప్పుడప్పుడు రోడ్డు పక్కన, మంచులో, తెల్లగా ఏవో ఆకారాలు వరసగా కనిపించేవి. ఆయన దగ్గరికి రాగానే అవి చప్పున నేలకి ఒరిగిపోయేవి. ఏ సున్నం బస్తాలో అనుకున్నాడు గానీ, బస్తాలు ఎందుకు పడుకుంటాయన్న ఆలోచన రాగానే వెనక్కి తిరిగి చూడడం మానేశాడు. హారన్ కొడితే బ్యాటరీ ఖర్చు. అందుకని మఫ్లరులోంచే "తప్పుకోండి... తప్పుకోండి" అని మెల్లగా అనేవాడు. తర్వాత మళ్ళీ లెక్క.

ఆ పై వారం జయశీల ఒక సంగతి గమనించింది. వీధిలోకి చేపలు తెచ్చే నూకాలు నాలుగు రోజులై రావడం లేదు.

ఎందుకు రావడం లేదో యేసుదానానికి భీమిలి బస్టాండులో తెలిసింది. డ్యూటీ దిగి వస్తూ ఎల్లారావు టీ కొట్టు దగ్గర ఆగాడు. ఎల్లారావు పాలు పొంగకుండా చూసుకుంటూ, గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు. పాతకాలపు డచ్చివాళ్ళ సమాధుల్లోంచి ఒక దొర లేచాడు. దిబ్బల దిగుడులో తెల్లారకుండా గుర్రం మీద వస్తున్నాడు. గుర్రానికి డెక్కల చప్పుడు లేదు, దొరకి తల లేదు, ఒంటి మీద తెల్ల కోటు. బస్సు కోసం తట్టలతో నడిచెళ్ళే ఆడవాళ్ళు వారం రోజులుగా చూస్తున్నారు. అక్కడ కల్వర్టు మీద కూర్చుని తట్టకి రూపాయి చొప్పున గుంజే ఇద్దరు రౌడీలు కూడా చూసి, చెప్పులు వదిలేసి పరిగెత్తారు.

"తల లేకపోతే మనుసుల్ని ఎలాగ సూస్తాడు?" అని అడిగాడు యేసుదానం. దేవుణ్ణి నమ్మినవాడికి దెయ్యాలతో పనిలేదని ఆయన నమ్మకం.

"సూడ్డు సార్. సెప్తాడు. నీ వొయిసెంతో అంత సెప్పీసి ఎలిపోతాడు. సెప్పినాడంటే ఇంక ఆ ఏడే ఆకరంట. మన నూకాల్ని సూసి నలబై రెండు అన్నాడంట. దానికే తెలీదు దాని వొయిసు. మంచాన పడ్డాక రేసను కార్డు తీయించి సూస్తే సరిగ్గా నలబై రెండు."

యేసుదానం నవ్వబోయాడు. ఎల్లారావు గ్లాసు ఆయన ముందు పెట్టి, ఈ పొద్దున దొర నలభై ఆరు అన్నాడనీ, అది ఎవరికి మూడిందో ఇంకా తెలియలేదనీ చెప్పాడు.

యేసుదానానికి జనవరిలో నలభై ఆరు నిండాయి. టీ గ్లాసు ముట్టకుండా పక్కకి జరిపాడు. ఇంతకన్నా భయంకరమైన సంగతి మరొకటి ఆయనకి అప్పుడే తట్టింది. ఈ పొద్దున, అదే దిగుడులో, తాటిచెట్లు లెక్కపెడుతూ నలభై ఆరు దగ్గర తానే ఆగాడు. అంటే తన చావు అంకెని దొర తన నోటితోనే పలికించాడన్నమాట. ఆ దిగుడులో ఆ సమయానికి తాను దొరకి ఎంత దగ్గరగా ఉండి ఉంటాడో! చూడలేకపోవడం అదృష్టమే. బహుశా దొర తన వెనకే వచ్చి ఉంటాడు.

మర్నాటి నుంచి యేసుదానం బీచ్ రోడ్డు వదిలేశాడు. తగరపువలస మీదుగా హైవే ఎక్కి, మధురవాడ పొలాల మధ్య నుంచి పోర్టుకి వెళ్ళాడు. దూరం ఎక్కువ, లారీలు ఎక్కువ, ఇంజను ఆపే సందు లేదు. నాలుగు రోజుల్లో బుల్లెట్, అంతకు ముందు మిగిల్చిన పెట్రోలంతా తాగేసింది. బంకు చీటీలు చూసి జయశీల కళ్ళజోడు సర్దుకుని, మళ్ళీ ఒకసారి కూడింది.

ఐదోరోజు ఎల్లారావు చల్లటి కబురు చెప్పాడు. నాలుగు రోజులై దొర జాడ లేదు. తిరిగి సమాధిలోకి వెళ్ళిపోయి ఉంటాడు. యేసుదానం గుండెల మీంచి బరువు దిగింది. మర్నాడు ధైర్యంగా బీచ్ రోడ్డు పట్టి, దిగుడులో ఇంజను ఆపి, నలభై ఏడు చెట్లు దాటాడు.

సాయంత్రం టీ కొట్టు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. దొర తిరిగొచ్చాడు. నలభై ఏడు అన్నాడు.

ఆ రాత్రి యేసుదానానికి అన్నం సయించలేదు. తాను వెళ్ళిన రోజు దొర వస్తాడు, వెళ్ళని రోజు రాడు. "అది నా కోసవే వస్తంది జయా," అన్నాడు చివరికి. వరండాలో ఉన్న సుందర్ రాజ్, ఏడు గంటల ఎండలో బయల్దేరేవాడు కాబట్టి, చిన్న బండి వెనక దెయ్యాలు పడవనీ, వాటికీ మైలేజీ సరిపోదనీ అన్నాడు. జయశీల మాత్రం భర్త మొహం చూసి, హైవే మీదే వెళ్ళమంది. వెళ్తే పందెం పోతుంది, పందెంతో పాటు బండీ పోతుంది. యేసుదానం తల అడ్డంగా ఊపాడు. అయితే దారంతా కీర్తన పాడుకుంటూ వెళ్ళమనీ, చీకట్లో టార్చి వెలిగించుకోమనీ ఆవిడ చెప్పింది.

ఆయన రెండూ చేశాడు. రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉండాలి కనక, వెలుగుతున్న టార్చిని రెయిన్‌కోటు లోపల ఛాతీ దగ్గర దోపుకున్నాడు. మఫ్లరు లోపల వణికే గొంతుతో కీర్తన ఎత్తుకున్నాడు. మధ్యమధ్య చెట్ల లెక్క తప్పకుండా అంకెలు కూడా చేర్చాడు. ఆ సాయంత్రం ఎల్లారావు ఆయనకి టీ ఇస్తూ కొత్త కబురు చెప్పాడు. దొర ముదిరిపోయాడు. ఇప్పుడు గుండెలో దీపం వెలుగుతోంది. దొరల భాషలో ఏడుస్తూ, మధ్యలో తెలుగులో వయసులు చదువుతున్నాడు.

ఆఖరి వారం మొదటి రోజు, సోమవారం. మంచు ఎంత దట్టంగా ఉందంటే, దిగుడు మొదట్లో ఇంజను ఆపాక సముద్రం కూడా వినబడలేదు. బండి కదిలింది. ఇరవై చెట్లు. ముప్పై. గాలిలో ఎక్కడినుంచో సాంబ్రాణి వాసన వచ్చింది. ఆ దారిలో ఇల్లన్నది లేదు. సాంబ్రాణి ఎవరు వేస్తారు? యేసుదానం కీర్తన ఆపేశాడు. నలభై దగ్గర రోడ్డు మీద ఎర్రగా నిప్పులు కనిపించాయి, వాటి చుట్టూ పసుపు, నిమ్మకాయలు. నిప్పుల వెనక తెల్లటి ఆకారాలు మూడు, నేలకి ఒరగకుండా నిలబడి ఉన్నాయి. నిప్పుల వెలుగులో ఒక ఆకారం చేతిలో కత్తి మెరిసింది.

బ్రేకు నొక్కాడు. ముందు చక్రం ఎవరో అక్కడ పగలగొట్టిన బూడిదగుమ్మడికాయ ముక్కల మీదకి ఎక్కింది. ఆ తర్వాత ఆయనకి తెలిసింది ఇసుక, దాని చల్లదనం, కాలి మీద బుల్లెట్ బరువు. రెయిన్‌కోటులో టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. తర్వాత ఆకారాల్లో ఒకటి, కత్తి ముందుకు చాచి, ఒక్కో అడుగే వేసుకుంటూ దగ్గరికి వచ్చింది. యేసుదానం కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నోటికొచ్చిన ఒకే ఒక్క మాట అన్నాడు.

"నలభై ఆరు."

అడుగులు ఆగిపోయాయి. ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. చేపల వాసన వేసింది. ఎవరివో వేళ్ళు ఆయన మంకీ క్యాపుని పైకి లాగాయి.

"ఓలమ్మ," అంది ఒక గొంతు. "ఈరు మన టీచరమ్మగారి పెనిమిటి కాదేటి?"

కళ్ళు తెరిస్తే, మంచుకి తెల్ల దుప్పటి కప్పుకుని, కొబ్బరికాయ కొట్టే కత్తితో, సగం చిక్కిపోయి, నూకాలు. వెనక అలాంటి దుప్పట్లలోనే ఆవిడతో పాటు చేపలమ్మే సన్యాసమ్మ, చిట్టెమ్మ. ముగ్గురూ దొరని సాగనంపడానికి దిష్టి తీసి, శాంతి చేసి, చివరిసారి బతిమాలుకుందామని వచ్చారు. తాటిచెట్ల సంగతీ, పెట్రోలు సంగతీ యేసుదానం ఇసుకలో కూర్చునే చెప్పాడు. చెబుతున్నకొద్దీ తాను పదిహేను రోజులుగా ఎవరికి భయపడి పారిపోతున్నాడో ఆయనకే అర్థమైంది. సిగ్గుతో మొహం మళ్ళీ మంకీ క్యాపులోకి లాక్కోవాలనిపించింది. నూకాలు కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "నాను ఇంక ఈ ఏడు పోతాననీసి నా బంగారం కోడలికి రాసిచ్చీసినాను బాబూ," అంది. నవ్విందో ఏడ్చిందో ఆ మంచులో తెలియలేదు. ముగ్గురూ కలిసి బండిని ఆయన మీంచి ఎత్తారు.

ఆ తర్వాత యేసుదానం బుద్ధిగా ఇంజను నడుపుతూ, లైటు వేసుకుని, హారన్ మోగించుకుంటూ దిగుడు దిగాడు. నెలాఖరుకి చీటీలు కూడితే నలభై ఒక్క లీటర్లు. పైగా వంకరపోయిన ఫుట్‌రెస్టు బాగుచేయించిన ఖర్చు. జయశీల తీర్పు చెప్పనవసరం లేకుండానే ఆయన తలొంచాడు. సుందర్ రాజే, కొంచెం జాలిపడి, తగరపువలసలో రైసుమిల్లు ఉన్న కామరాజు అనే ఆయనతో బేరం కుదిర్చాడు. మార్చి రెండోవారం మంగళవారం నాడు వచ్చి బండి తోలుకుపోతానన్నాడు కామరాజు. సోమవారం పొద్దున యేసుదానం పోర్టు గేటు దగ్గర కావాలని మెల్లగా వెళ్ళాడు. సెంట్రీ లేచి నిలబడ్డాడు. ఆయన చెయ్యెత్తి సలాం చేసి, ఎప్పుడూ లేనిది, సెంట్రీ పేరు అడిగి తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రం నూకాలు, సన్యాసమ్మ, చిట్టెమ్మ ఇంటికి వచ్చారు. తట్టలో రెండు పెద్ద చందువా చేపలు తెచ్చారు. వరండాలో సుందర్ రాజ్ కుర్చీ జరుపుకున్నాడు. నూకాలు గొంతు సవరించుకుంది.

"బాబూ, మీరు మాకోసం మల్లీ దెయ్యవై రావాల."

దొర తిరిగినన్నాళ్ళూ కల్వర్టు దగ్గరికి రౌడీలు రాలేదు. యేసుదానం లైటు వేసుకుని హారన్ కొడుతూ రావడం మొదలెట్టగానే మళ్ళీ దిగారు. ఇప్పుడు తట్టకి రెండు రూపాయలు అడుగుతున్నారు. ఇవ్వనన్నందుకు చిట్టెమ్మ తట్టని సముద్రంలోకి తన్నారు. దొర ఎవరో ఆ ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు, తెలియనివ్వరు. పాత పద్ధతిలోనే, చప్పుడు లేకుండా, గుండెలో దీపంతో రమ్మని అడగడానికి వచ్చారు. ఊరికే వద్దు. రోజూ ఇంటికి సరిపడా చేపలు తెచ్చి ఇస్తారు.

జయశీల పెన్సిలు తీసుకుంది. రోజుకి అర లీటరు తేడా ఒక పక్కన, రోజూ కూరకయ్యేది ఇంకో పక్కన వేసింది. కాగితం తమ్ముడికి అందించింది. సుందర్ రాజ్ రెండుసార్లు చూసి, తన బండికి చేపలిచ్చేవాళ్ళు ఎవరూ లేరని ఒప్పుకున్నాడు. కామరాజుకి రావద్దని తానే కబురు చేస్తానన్నాడు. యేసుదానం లేచి, మొహం కనబడకుండా బుల్లెట్ వైపు తిరిగి, ట్యాంకు మీద లేని దుమ్ము తుడిచాడు.

వెళ్ళబోతూ నూకాలు గుమ్మం దగ్గర ఆగింది.

"ఆదివారాలు మాత్తరం మీరు మానకండా పాత పద్దతిలోనే వొస్తన్నారు. ఆ రెండాదివారాలూ మాకు రౌడీల బెడద లేదు. అందుకే అడగడానికి దైర్నం వొచ్చినాది. నిన్నయితే అరవై దాక లెక్కెట్టినారు. అలాగే మిగతా రోజులూ వొచ్చీయండి."

యేసుదానం చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆదివారం ఆయనకి సెలవు. నిన్న ఏడింటిదాకా పడుకుని, భార్యతో కలిసి నడుచుకుంటూ చర్చికి వెళ్ళాడు. బుల్లెట్ వరండాలో గొలుసేసి ఉంది. ఆ దిగుడు పక్కన ఉన్నవి మొత్తం యాభై రెండు తాటిచెట్లు. జయశీల ఆయన వైపు చూసింది. ఆయన తట్టలో చందువాల వైపు చూశాడు.

వారానికి ఆరు రోజులు డ్యూటీ తనదని ఒప్పుకున్నాడు. ఏడోరోజు డ్యూటీ ఎవరిదని మాత్రం అడగలేదు.